నల్లపొగ - లారీ బలము

మార్కాపురపు పలకల లోడుతో బేస్తవారిపేట మీదుగా వచ్చిన లారీ, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కునప్పుడు నల్లపొగ చిమ్ముట పలువురు చూచియే యుందురు. పంపు స్క్రూ కొంచెము తిప్పించినచో బండి బాగుగా లాగునని డ్రైవర్లలో కొందరి నమ్మకము. ఇందు సగము నిజము కలదు. అమెరికాలో డీజిల్ ట్రక్కులను పావుమైలు, అనగా 402 మీటర్ల పందెములలో పరుగెత్తించువారును ఇంధన సరఫరానే పెంచుదురు. కాని వారు స్క్రూతో ఆగరు.

డీజిల్ యంత్రములో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అణచగా పుట్టిన వేడికి, అందు చిమ్మిన ఇంధనము తనంతట తానే అంటుకొనును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన యంత్రముయొక్క సూత్రమిదియే.

ఆరు సిలిండర్లు, ఆరు లీటర్లు గల యంత్రమును తీసికొందము. నిమిషమునకు 2,400 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 20 మారులు డీజిల్ చిమ్మవలెను. అందలి లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. గ్రాము డీజిల్ కాలుటకు పదునాలుగున్నర గ్రాముల గాలి చాలునని రసాయనశాస్త్రము చెప్పును. కాని రెండును చక్కగా కలియుటకు వ్యవధి లేనందున ఆచరణలో ఇరువది గ్రాములైనను కావలెను. అనగా ఒక్క మారునకు 0.06 గ్రాము డీజిల్, రమారమి బొట్టున్నర! అది సెకనులో ఇంచుమించు 500వ వంతు కాలములో సన్నని తుంపరయై లోపలికి పోవలెను. ఈ లెక్కన వచ్చు బలము దాదాపు 150 అశ్వశక్తి.

స్క్రూ తిప్పి బొట్టున్నరను మూడు బొట్లు చేసితిమనుకొందము. గాలి పెరుగలేదు. బలము కొంత హెచ్చును, నిజమే. కాని కాలక మిగిలిన కర్బనము మసియై పొగగొట్టము పట్టును. ఆలస్యముగా కాలిన డీజిల్ వేడిని హెచ్చించును. పిస్టన్లు తరచు అల్యూమినియపు మిశ్రలోహముతో చేయబడును. శుద్ధ అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరగును. పందెపు బండికి ఈ వేడి కొన్ని సెకనులే. ఘాట్ ఎక్కు లారీ దానిని చాలసేపు భరింపవలెను.

అందుచే పందెపువారు టర్బోచార్జరుతో ఎక్కువ గాలిని కూడ లోనికి నెట్టుదురు. పిదప డీజిల్ దారినంతటిని విప్పి చూతురు. ట్యాంకునుండి ఇంధనమును తెచ్చు చిన్న పంపు, ఫిల్టరు, గొట్టములు, అధిక పీడనపు పంపు, ఇంజెక్టరు - వీనిలో ఏ ఒక్కటి చిన్నదైనను తక్కినవి వ్యర్థము. కంభము చెరువు తూము సన్నమైనచో కాలువ వెడల్పు చేసి ప్రయోజనమేమి? 1994-98 నాటి డాడ్జ్ ట్రక్కులలోని బాష్ పి-7100 పంపును పందెములవారు మెచ్చుకొనుటకు కారణము, అది పుష్కలముగా డీజిల్ నెట్టగలుగుటయే. కొత్త యంత్రములలో ఇంధనము వాతావరణ పీడనమునకు 1,600 రెట్లు మించిన ఒత్తిడితో ఉమ్మడి గొట్టమున నిలువయుండును. ఇంజెక్టరు రంధ్రములు మాత్రమే పెద్దవి చేసినచో ఆ ఒత్తిడి పడిపోయి, తుంపర ముతకయై, మరల పొగయే వచ్చును. కావుననే కొందరు రెండు పంపులు బిగింతురు.

పాత లారీ లాగనప్పుడు స్క్రూకంటె ముందు చూడవలసినవి గాలి ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ట్యాంకునుండి వచ్చు గొట్టపు బిగింపులు. అచ్చట గాలి చొరబడినను పంపు తడబడును. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్. 6 ప్రమాణముల లారీలలోనైతే తిప్పుటకు స్క్రూయే లేదు. డీజిల్ మోతాదును కంప్యూటరు నిర్ణయించును.