చూరుకు వేలాడే మేత

కోతలు కాగానే మంచి వరికంకులు ఏరి, కుచ్చుగా అల్లి, చూరుకో వసారా దూలానికో వేలాడదీయడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. చూపుకు అలంకారం, పిట్టలకు మేత. బజారులో దొరికే ప్లాస్టిక్ మేత డబ్బాల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువే. ఊరపిచ్చుక బరువు దాదాపు 30 గ్రాములు. కంకిని పట్టుకుని వేలాడుతూ వడ్లగింజను ముక్కుతో ఒలుచుకుంటుంది. దానికి పదింతలు బరువుండే పావురానికి ఆ విద్య చేతకాదు. పైగా, నేల మీద చల్లిన గింజలా కుచ్చులోని గింజ రెట్టల్లో కలిసిపోదు.

కుచ్చు దొరకని చోట కొర్రలు, సజ్జలు, నూకలు పళ్లెంలో పెట్టవచ్చు. పొద్దున ఒక గుప్పెడు చాలు. సాయంత్రానికి పళ్లెం ఖాళీ కావాలి. మిగిలితే మర్నాడు తగ్గించాలి. బూజు పట్టిన పల్లీలు, ఉప్పూనూనె తగిలిన చిరుతిళ్లు పిట్టలకు హాని. నగరాల్లో బస్తాలకొద్దీ జొన్నలు కుమ్మరించడం పక్షిసేవ అనిపించుకుంటోంది కానీ, దాంతో పెరిగేవి పావురాలే. వాటి ఎండిన రెట్టల ధూళి కొందరికి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. ముంబైలో పావురాలకు మేత వేయడంపై వివాదం 2025లో హైకోర్టు దాకా వెళ్లింది. కడగని పళ్లెం పిట్టలకే ప్రమాదం. బ్రిటన్‌లో 2005 తర్వాత గ్రీన్‌ఫించ్ పిట్టలు ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి సోకి పెద్దసంఖ్యలో చనిపోయాయి. అది వ్యాపించే దారుల్లో పెరటి మేతపళ్లేలు ఒకటి.

అసలు చాలా పిట్టలకు గింజలతో పనే లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టకు పురుగులు, చిన్న బల్లులు కావాలి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక జామకాయ కోసం వస్తుంది, సగం కొరికి సగం పారేసి పోతుంది. ఆ నష్టానికి ఇంటివారు సిద్ధపడాల్సిందే. పిగిలిపిట్ట కరివేపాకు చెట్టు నల్లపండ్లు తింటుంది. తేనెపిట్టకు మందారం, మునగపూత, అరటిపువ్వు ఉంటే పంచదార నీళ్ల సీసా అక్కర్లేదు. గింజలు తినే పిచ్చుక సైతం గూట్లోని పిల్లలకు మొదటి రోజుల్లో ఎక్కువగా పురుగులే పెడుతుంది. అందుకే వంగమొక్కకు పురుగుమందు కొట్టి, పక్కనే నూకలు చల్లే పెరట్లో పిచ్చుకలు తిని పోతాయే తప్ప సంతానాన్ని పెంచలేవు. రాలిన ఆకులను ఒక మూల అలాగే వదిలేస్తే, వాటి కింద చేరే పురుగులే గోరింకలకు విందు. ఊడ్చి అద్దంలా ఉంచిన పెరడు మనిషికి ముచ్చటే కానీ పిట్టకు ఎడారి.

వేసవిలో మేతకన్నా నీళ్లే ముఖ్యం. పక్షికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని వదిలించుకుంటుంది, అలా ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఎండలు మండిపోయే రెంటచింతల లాంటి చోట ఏప్రిల్, మే నెలల్లో ఒక మట్టిమూకుడు నీళ్లు చాలా పిట్టలను రప్పిస్తాయి. లోతు రెండంగుళాలు దాటకూడదు. గరుకు అడుగైతే కాలు జారదు. నున్నని స్టీలు గిన్నె అయితే మధ్యలో ఒక రాయి వేయాలి. దోమలు గుడ్లు పెట్టి పిల్లలు కాకుండా నీళ్లు రోజూ పారబోసి, మూకుడు తోమి పెట్టాలి. పిల్లి పొంచి కూర్చునే పొదకు అది నాలుగడుగులైనా దూరంగా ఉండాలి.

పెంకుటిళ్ల చూరు సందులు పోయి కాంక్రీటు గోడలు వచ్చాక పిచ్చుకకు గూటి చోటు కరవైంది. చెక్కపెట్టెకు 32 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. పెట్టెను ఎనిమిది పదడుగుల ఎత్తులో, పడమటి ఎండ తగలని గోడకు బిగించాలి. లోపల గడ్డి పెట్టనక్కర్లేదు, ఆ పని పిచ్చుకే చేసుకుంటుంది. పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసేస్తే, అదే ఏడాది అందులోనే మరో విడత గుడ్లు పెట్టవచ్చు.