ఎస్ప్రెస్సో పక్కన నిలబడ్డ మర

ఎస్ప్రెస్సో కథ చెప్పేవాళ్లంతా యంత్రం కథే చెబుతారు. 1884లో టూరిన్‌లో ఆంజెలో మోరియోండో ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జెరా దాన్ని ఒక్కొక్క కప్పుగా దించే పద్ధతికి మార్చాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకిలే గాజ్జా స్ప్రింగు పిస్టన్‌ని తెచ్చాడు. 1961లో ఫాయెమా కంపెనీ ఇ61 యంత్రంలో ఆ పని విద్యుత్ పంపుకు అప్పగించింది. వీటి పక్కనే నిలబడి గింజలు ఆడించిన మర ఊసు మాత్రం ఎక్కడా వినపడదు. ఇంట్లో ఎస్ప్రెస్సో పెట్టుకోవాలనుకునేవాళ్లు కూడా అందుకే డబ్బంతా యంత్రానికి పోసి, మిగిలినదానితో ఏదో ఒక గ్రైండర్ కొంటారు. నా లెక్కలో ఇది పూర్తిగా తలకిందులు.

గ్రైండర్ లోపల ఉన్నది మనం ఎరిగిన తిరగలే. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, రెంటి నడుమ సందు ఎంత ఉంటే పిండి అంత మెత్తన. రాళ్లకు బదులు ఇక్కడ పళ్లు కోసిన ఉక్కు చక్రాలుంటాయి. వాటిని బర్ అంటారు. తురుష్కులు ఇత్తడి గొట్టాల్లో ఇదే అమరికను చేతిలో పట్టేంత చిన్నది చేశారు. ఫ్రాన్సులో రంపాలూ స్ప్రింగులూ చేసుకునే పూజో కుటుంబం 1840లో కాఫీ మర తయారీ మొదలుపెట్టింది. ఆ ఇంటి పేరు కార్ల మీదికి ఎక్కడానికి ఇంకా అర్ధ శతాబ్దం ఉంది. పైన పిడి, కింద పొడి రాలే సొరుగు ఉన్న ఆ కొయ్య పెట్టెలు యూరప్ వంటిళ్లలో నిలిచిపోయాయి. మన కాఫీ ఇళ్లలో బల్ల అంచుకు బిగించే ఇనప మర కూడా ఆ వంశానిదే.

ఈ మరలన్నిటికీ బతుకు సుఖంగా గడిచింది. ఫిల్టర్లో డికాక్షన్ తన బరువుకి తాను దిగుతుంది. పొడి కాస్త బరకైనా, కాస్త మెత్తనైనా సర్దుకుపోతుంది. కష్టకాలం గాజ్జా పిస్టన్‌తో వచ్చింది. బెజ్జెరా నాటి ఆవిరి యంత్రాల్లో ఒత్తిడి ఒకటిన్నర బార్ దగ్గర ఉండేది. అది ఒక్కసారిగా ఎనిమిది, తొమ్మిది బార్లకు ఎగబాకింది. తొమ్మిది బార్లంటే 90 మీటర్ల ఎత్తు నీటి స్తంభం కింద ఉండే ఒత్తిడి. దాన్ని అడ్డుకునేది సుమారు ఒక సెంటీమీటరు మందం పొడి బిళ్ల ఒక్కటే. ఇప్పటి కేఫేల్లో మామూలు లెక్క ఇది: 18 గ్రాముల పొడి, 25 నుంచి 30 సెకన్లు, కప్పులోకి 36 గ్రాముల కాఫీ. పొడి బరకైతే పది సెకన్లలో నీళ్లు పరిగెత్తి పుల్లటి, పలచటి కషాయం వస్తుంది. మరీ మెత్తనైతే చుక్క చుక్కగా రాలి చేదెక్కుతుంది. యంత్రం చేసేది నీళ్లను వేడిచేసి నెట్టడం. ఆ నీళ్లు ఎంత వేగంగా దిగాలో తేల్చేది పొడి. అంటే కుళాయి తిప్పే అధికారం గ్రైండర్‌ది.

ఈ అధికారం ఎంత పదునైనదో చెప్పే సూత్రం కాఫీ కోసం పుట్టింది కాదు. ఫ్రాన్సులోని దిజాన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు హెన్రీ దార్సీ ఇసుక గుండా నీళ్లు ఎలా దిగుతాయో కొలిచి, 1856లో ఆ నియమం ప్రకటించాడు. ఇరవయ్యో శతాబ్దంలో కోజెనీ, కార్మన్ దానికి రేణువు సైజును జతచేశారు. మిగతావన్నీ మారకుండా ఉంటే, ప్రవాహం రేణువు వ్యాసానికి వర్గంగా మారుతుంది. కప్పులోకి తెచ్చి చూడండి. రేణువు పది శాతం చిన్నదైతే ప్రవాహం 19 శాతం పడిపోతుంది, 30 సెకన్ల కప్పు దాదాపు 37 సెకన్లు పడుతుంది. అందుకే ఎస్ప్రెస్సో గ్రైండర్‌లో నేను మొదట చూసేది సందును ఎంత సన్నగా సర్దవచ్చు అన్నది. మంచి చేతి మరలు కొన్నిటిలో ఒక్కో మెట్టుకు చక్రం జరిగేది పది మైక్రాన్ల లోపే. మెట్లే లేకుండా ఎక్కడంటే అక్కడ నిలిపే గ్రైండర్లు ఇంకా మేలు. ఒక మెట్టులో కాఫీ పరిగెత్తి, తర్వాతి మెట్టులో ఆగిపోతే, ఆ మర ఫిల్టర్ కాఫీకి బంగారంలా పనికొస్తుంది గానీ ఎస్ప్రెస్సోకి కాదు.

సైజుతో కథ అయిపోలేదు. వేయించిన గింజ పెళుసు. నలిగేటప్పుడు ఒక్క సైజులో విరగదు. కొన్ని వందల మైక్రాన్ల నూకలతో పాటు వంద మైక్రాన్లు కూడా లేని దుమ్ము పుడుతుంది. ఈ దుమ్మును ఎంత మంచి గ్రైండరూ పూర్తిగా ఆపలేదు, ఆపనక్కర్లేదు కూడా. నీళ్లకు ఎదురు నిలిచి ఎస్ప్రెస్సోకి చిక్కదనం తెచ్చేది చాలావరకు అదే. దాని పాలు మితిమీరినా, రోజుకో రకంగా మారినా రుచి చెడుతుంది. మిక్సీ బ్లేడుకు సందు అనేదే లేదు. దొరికిన ముక్కను దొరికినట్టు కొడుతుంది. పెద్ద ముక్కల నుంచి పులుపు, దుమ్ము నుంచి చేదు ఒకే కప్పులో దిగుతాయి.

మెత్తగా ఆడించేకొద్దీ సారం ఎక్కువ దిగుతుందని చాలాకాలం నమ్మారు. పోర్ట్స్‌మత్‌లో గణితం చెప్పే జేమీ ఫాస్టర్, ఆరిగన్‌లో రసాయనశాస్త్రం చెప్పే క్రిస్టఫర్ హెండన్ తమ బృందంతో 2020లో ఆ నమ్మకాన్ని పరీక్షించారు. ఒక హద్దు దాటి మెత్తనైతే బిళ్లలో కొన్ని చోట్ల నీళ్లు దూరవు, ఉన్న దారుల గుండానే పోతాయి, సారం తగ్గుతుంది. కాస్త బరకగా, తక్కువ పొడితో తీస్తే కప్పుకూ కప్పుకూ రుచి నిలకడగా వచ్చింది. ఇదే ఆరిగన్ బృందం 2023లో ఇంకో చిక్కు విప్పింది. నలిగేటప్పుడు రాపిడికీ విరుపుకీ పొడిలో స్థిర విద్యుత్తు పుట్టి ఉండలు కడుతుంది. ఆడించే ముందు గింజల మీద కొద్దిగా నీళ్లు చిలకరిస్తే అది బాగా తగ్గుతుంది. పైసా ఖర్చులేని ఈ ఉపాయం నాకెంతో ఇష్టం.

ఇక ఎస్ప్రెస్సోకి పనికొచ్చే మర ఇంటికి ఎలా వచ్చిందంటే, దొడ్డిదారిన. 1948లో వెనిస్ ప్రాంతంలో మొదలైన మాజ్జెర్ లాంటి కంపెనీలు కేఫేల కోసం మొండి గ్రైండర్లు చేశాయి. పైన కిలో గింజలు పట్టే తొట్టి, ముందు మీట లాగితే ఒక మోతాదు పొడి విడిచే గిన్నె. రోజంతా ఆగకుండా తిరిగే చోట అది సరైన అమరిక. ఇంట్లో పొద్దున ఒక కప్పు, సాయంత్రం ఒకటి. చక్రాల కింద గొంతులో ఇరుక్కున్న నిన్నటి పొడి ఇవాళ్టి కప్పులో పడుతుంది. తొట్టిలో గింజలు గాలికి వాసన పోగొట్టుకుంటాయి. 2013లో మెల్బోర్న్‌లో జరిగిన ప్రపంచ బరిస్టా పోటీలో మాట్ పెర్గర్ ఈకే43తో ఎస్ప్రెస్సో తీసి అందరి చూపూ తిప్పాడు. అది 98 మిల్లీమీటర్ల చక్రాలతో కొట్లలో కాఫీ ఆడించడానికి వాడే జర్మన్ మర. తూచిన గింజలు పైన వేసి, అంత పొడినీ కింద తీసుకోవడమన్న అలవాటు అప్పటి నుంచి ఊపందుకుంది. 2017లో బ్రిటన్ నుంచి జనం చందాలతో పుట్టిన నిష్ జీరో ఆ పద్ధతిని వంటింటి బల్ల మీదికి తెచ్చింది. అందులో తిరిగేవి 63 మిల్లీమీటర్ల శంకు చక్రాలు, కేఫే గ్రైండర్ సైజువే.

శంకు చక్రాలా, బల్లపరుపు చక్రాలా అన్న తగువు తెగేది కాదు. శంకువు చిక్కదనాన్నీ, బల్లపరుపు రుచుల స్పష్టతనూ ఇస్తాయని సాధారణంగా అంటారు. నాకు అంతకన్నా ముఖ్యం, రెండు చక్రాలూ వంకర లేకుండా ఎదురెదురుగా కూర్చున్నాయా అన్నది. వెల పెరిగేకొద్దీ మనం కొనేది చాలావరకు ఆ నిటారుతనమే. డిజిటల్ తెరలూ రంగులూ తర్వాతి మాట.

ఇంట్లో ఎస్ప్రెస్సో తాగేవాళ్లు ఒకరో ఇద్దరో అయితే మంచి చేతి మరతోనే మొదలుపెట్టమంటాను. మోటారు లేదు గనక డబ్బంతా చక్రాలకూ బేరింగులకూ పోతుంది. 18 గ్రాములకు నిమిషం అటూ ఇటూ పడుతుంది. తక్కువ వేయించిన గింజలైతే చెయ్యి నొప్పెడుతుంది, అది మాత్రం నిజం. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాను ఇప్పుడు గింజలుగానే తెప్పించుకోవచ్చు. వేయించిన తేదీ చూసి తెప్పించుకోండి. రోజులు గడిచేకొద్దీ గింజలోని బొగ్గుపులుసు వాయువు తప్పుకుంటుంది, కాఫీ తొందరగా దిగడం మొదలవుతుంది, సందు ఒక మెట్టు బిగించాలి. పొడి కొన్నవాళ్లకు ఆ వీలే లేదు.

నలుగురైదుగురు తాగే ఇంటికి కేఫే నుంచి తీసేసిన పాత గ్రైండర్ కూడా మంచి బేరమే. ఉక్కు చక్రాలు అరిగేలోపు వందల కిలోలు ఆడిస్తాయి. రోజుకు రెండు కప్పుల ఇంటికి ఏడాదికి పట్టేది 13 కిలోల గింజలే. పాతదానికి కొత్త చక్రాలు వేయిస్తే ఇంట్లో అవి దశాబ్దాలు వస్తాయి. కొనేముందు మోటారు మోత వినండి, బేరింగులో ఆట ఉందేమో ఇరుసు ఊపి చూడండి. ఆ సైజు చక్రాలు ఇంకా అమ్ముతున్నారో లేదో కనుక్కున్నాకే డబ్బివ్వండి.