కుదురులేని పిల్లలు – మెదడులోని రసాయనాలు

“డాక్టరుగారూ, మావాడు పది నిమిషాలు ఒకచోట కూర్చోడు. తెలివి లేక కాదండీ, ఒళ్ళు కొవ్వు. బ్రాహ్మీ లేహ్యం ఏదైనా ఇవ్వండి.” నా వద్దకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా అనే మాట ఇది. లేహ్యం సంగతి తరువాత. ముందు ఆ “ఒళ్ళు కొవ్వు” ఎంతవరకు నిజమో విచారించవలెను.

మెదడులోని నాడీకణాలు సూక్ష్మమైన రసాయనాల ద్వారా ఒకదానికొకటి సందేశాలు పంపుకొంటాయి. చేసే పనిమీద మనస్సు నిలుపుట, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకొనుట నుదుటి వెనుకనున్న భాగం బాధ్యత. దానికి డోపమిన్, నారెపినెఫ్రిన్ అనే రెండు రసాయనాలు ముఖ్యం. ఏ.డి.హెచ్.డి. అని వైద్యులు పిలిచే ఏకాగ్రతా లోపంలో వీటి ప్రసారం భిన్నంగా ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఉత్తేజక ఔషధం ఇచ్చాడు. సుమారు సగం మంది చదువులో ఆశ్చర్యకరంగా మెరుగుపడ్డారు, అల్లరి తగ్గింది. ఉత్తేజకం శాంతపరచుటేమిటని సందేహం రావచ్చు. కళ్ళెం పట్టినవాడు మేలుకొంటే గుర్రం కుదురుకొంటుంది గదా! నేడు వాడే మిథైల్‌ఫెనిడేట్ కూడా నాడీకణాల నడుమ డోపమిన్ మరికొంతసేపు నిలిచేటట్లు చేస్తుంది.

2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు మెదడు పై పొర ఎదుగుదలను పరిశీలించారు. ఇతర పిల్లలలో సుమారు ఏడున్నర ఏళ్ళకు చేరే దశకు ఈ పిల్లలు పదిన్నర ఏళ్ళకు చేరుతున్నారని తేలింది. దెబ్బలు కొట్టి ఆ మూడేళ్ళను ముందుకు జరపలేము.

దిగులు సంగతి ఇంత స్పష్టం కాదు. సెరటోనిన్ తగ్గుటయే దానికి కారణమని ఒకప్పుడు గట్టిగా ప్రచారం జరిగింది. 2022లో వెలువడిన ఒక సమీక్ష అందుకు స్థిరమైన ఆధారం లేదన్నది. పిల్లలలో దిగులు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. దానిని పొగరని భ్రమించరాదు.

ఇక లేహ్యం. చరకుడు మేధ్య రసాయనాలుగా సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చెప్పాడు. సరస్వతి ఆకును పప్పులోనో పచ్చడిలోనో పెట్టండి, మంచిదే. అది మిథైల్‌ఫెనిడేట్‌కు బదులని మాత్రం ఆయుర్వేద వైద్యుడనైన నేనే చెప్పను. ఊరూపేరూ లేని భస్మాలు అసలే వద్దు. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిసరాలలో అమ్మే 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలు బయటపడ్డాయి. సీసం పిల్లల ఏకాగ్రతనే హరిస్తుంది. తెలివికని పోసిన మందే తెలివిని తింటుందన్నమాట!

డోపమిన్ తయారీకి ఇనుము అవసరం. కనుక పాలిపోయిన బిడ్డకు రక్తపరీక్ష చేయించండి. చూపు, వినికిడి, నిద్ర కూడా గమనించండి. అయితే ఏ.డి.హెచ్.డి.ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. పిల్లల మానసిక వైద్యులు ఇంటి నడవడిని, బడి నడవడిని విచారించి తేలుస్తారు. వారిచ్చిన మాత్రలను మీ అంతట మీరు ఆపకండి. వాడుతున్న మూలికలేవో దాచక చెప్పండి. బిడ్డ నోట చావు మాట వస్తే ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. ప్రభుత్వ టెలి మానస్ సంఖ్య 14416కు రాత్రయినా ఫోన్ చేయవచ్చు.