వానకాలంలో వాకిలి పూలు



పసుపు గురించి మీకు చెప్పబోతే తాతకు దగ్గులు నేర్పినట్లే అవుతుంది. అందుచేత ఈ పూట పసుపు ముచ్చట కాదు, పూల ముచ్చట. పూలంటే పట్నంలో గాజుకాగితం చుట్టి అమ్మే పూలు కావు. మన వాకిట్లో, పెరట్లో, బావిగడ్డన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న బంతి, చేమంతి, సీతజడ. చేను గట్టున తనంతట తాను లేచే గునుగు. వీటి గురించే చెబుతాను.

“దానికి నేర్చుకునేదేముంది, గింజ చల్లితే అదే మొలుస్తుంది” అంటారేమో. నిజమే, మొలుస్తుంది. మొలిచింది బతుకమ్మ నాటికి చేతికి పూలిస్తుందా లేదా అన్నదే లెక్క. పెద్ద పెద్ద వానలు పడతాయి, మొక్క పసుపుపచ్చగా మారి వాలిపోతుంది, అమావాస్య వచ్చేసరికి పెరడు ఖాళీ. ఇంక అంగడికి పోయి కిలో లెక్కన బంతి కొనుక్కురావలసిందే. భూమి ఉండి, నీళ్ళుండి, పూలు కొనుక్కోవడం నాకైతే ఏమంత బాగా అనిపించదు.

వానలో పూలమొక్క ఎందుకు చస్తుంది? పైనుంచి పడే నీటివల్ల అంతగా కాదు, కింద నిలిచిన నీటివల్ల చస్తుంది. ఈ సంగతి పుస్తకంలో చదివిన నేను కూడా నా పెరట్లో దెబ్బతిన్న తర్వాతనే నమ్మాను. 2023లో జూన్ చివరనే తొందరపడి బంతినారు పోసుకున్నాను. మొక్కలు నాటడానికి గోడ వెంబడి చదునుగా మడి చేశాను. చూపుకు అందంగా ఉంది, అద్దంలాగా. జూలై నెలాఖరు వారంలో వచ్చిన వానలు మీకూ గుర్తుండే ఉంటాయి. మన పక్కనున్న వేల్పూరులో ఒక్కరోజులోనే సుమారు 46 సెంటీమీటర్ల వాన పడింది. మన జిల్లాలో ఏడాది పొడుగునా పడేదే వెయ్యి మిల్లీమీటర్లకు, అంటే 100 సెంటీమీటర్లకు, అటూ ఇటూ. నా మడి కుంట అయిపోయింది. నాలుగు రోజులకు మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. పీకి చూస్తే వేరు గోధుమరంగుగా మారి, వేళ్ళతో పట్టి లాగితే పైతోలు ఊడి వస్తున్నది. అయితే నాటగా మిగిలిన పది మొక్కలను పారేయబుద్ధికాక పక్కనే ఉన్న పాత మట్టిదిబ్బమీద గుచ్చి ఉంచాను. వాటిలో ఒక్కటీ చావలేదు. అదే వాన, అదే నారు. తేడా అంతా జానెడు ఎత్తు.

కారణం ఇది. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల నడుమ ఉండే సందులలో గాలి ఉంటుంది. నీరు నిలిస్తే ఆ సందులన్నీ నీటితో నిండి వేరుకు ఊపిరాడదు. అట్లా నీరసించిన వేరుమీద కుళ్ళు తెగులు పడుతుంది. ఆ తెగులు బీజాలు కంటికి కనపడవు కాని నీటిలో ఈదుతూ ఒక మొక్కనుంచి ఇంకొక మొక్కకు పోగలవు. పసుపులో దుంపకుళ్ళు వచ్చే విధం మీరు చూసిందే గదా. వరుసగా నీళ్ళు పారిన దారి వెంబడే వస్తుంది. బంతికీ చేమంతికీ వచ్చేది దాని దాయాదే.

అందుకే నేను చెప్పేది ఒకటే: పసుపుకు చేసే మర్యాదే పువ్వుకూ చేయండి. పసుపును ఎత్తుబోదెల మీద పెట్టి, నీళ్ళు పోయే కాలువ తీసి, వాన వెలిసిన వెంటనే పార పట్టుకుని చేనికి పరుగెత్తే రైతు, ఇంటిముందు పూలమడిని మాత్రం పల్లంలో చేస్తాడు. పైపెచ్చు చూరునీళ్ళు సరిగ్గా దానిమీదే పడతాయి! మడిని చూరుకు రెండు మూరల దూరం జరపండి. జానెడు ఎత్తు తేల్చండి. మడి మూడడుగుల వెడల్పుకు మించకుండా ఉంటే ఇటునుంచి అటు చెయ్యి అందుతుంది, లోపల కాలు పెట్టి తొక్కే పని ఉండదు. చుట్టూ తీసిన కాలువకు వాలు ఉండాలి. వాలులేని కాలువ తొట్టితో సమానం. నల్లరేగడి అయితే రెండు గంపలు మొరం ఇసుక, రెండు గంపలు మాగిన పెంట కలపండి. ఎర్ర చెలకకు పెంట చాలు. పచ్చిపెంట వద్దు.

దుంపకుళ్ళు రాకుండా పసుపు చేనికి రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడిని 90 కిలోల మాగిన పెంటలో, 10 కిలోల వేపపిండిలో కలిపి, తడి చల్లి గోనెకప్పి మాగబెట్టుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు. అందులోంచి ఒక గంప పూలమడికి తెచ్చి వేస్తే ప్రత్యేకంగా ఏమీ కొనవలసిన అవసరముండదు. నారుమడిలో మొలకలు మొదట నుసిలి గుంపుగా పడిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సిక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిచేటట్లు పోయండి.

ఇక రెండో సంగతి, తిథి. బతుకమ్మ భాద్రపద అమావాస్యతో మొదలవుతుంది గనుక ఇంగ్లీషు తేదీని నమ్ముకుంటే మోసపోతాం. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 14న పడింది. 2025లో సెప్టెంబరు 21నే వచ్చేసింది. మూడు వారాలకు పైగా తేడా! “మా నాయన ఆషాఢంలో పోసేవాడు, నేనూ పోస్తాను” అంటే అధికమాసం వచ్చిన ఏడు బంతి ముందే పూసి వానకు కుళ్ళిపోతుంది. పంచాంగం తీసి అమావాస్య తేదీ చూసుకోండి. అక్కడినుంచి 80 రోజులు వెనక్కి లెక్కపెట్టి బంతిగింజ పోయండి. ఇందులో 25, 30 రోజులు నారుమడిలో, మిగిలినవి నాటిన తర్వాత. ఆ ప్రకారం 2023లో జూలై 26న పోయవలసింది, 2025లో జూలై 3న. నేను జూన్‌లో పోయడం ఎంత తెలివితక్కువ పనో దీన్నిబట్టే తెలుస్తుంది. వాన ముంచకపోయినా ఆ ఏడు నా పూలు పండుగదాకా ఆగేవి కావు.

నాటిన మూడు వారాలకు తలకొన గిల్లేయండి. మనసొప్పదు, కాని గిల్లితేనే పక్కకొమ్మలు వస్తాయి, మొక్క పొట్టిగా గట్టిగా నిలిచి గాలివానకు పడదు. నాట్లు ఆలస్యమైతే మాత్రం గిల్లకండి. గిల్లినందువల్ల పూత వారం పది రోజులు వెనక్కు పోతుంది. యూరియా ఎక్కువ వేస్తే చెట్టు ఏపుగా పెరుగుతుంది, పువ్వు కోసం మీరు ఎదురు చూస్తూ కూర్చోవాలి.

చేమంతిది వేరే దారి. దానిని పిలకలతోనో కొమ్మలతోనో పెంచుతాం. రాత్రి పొడుగైనప్పుడే అది మొగ్గ తొడుగుతుంది. బల్బు వెలుతురో వీధిదీపమో రాత్రంతా మీద పడుతుంటే ఇంకా పగలే అనుకుని మొగ్గ వేయకుండా ఊరుకుంటుంది. మీ చేమంతి పూయలేదంటే ఎరువు వేసేముందు ఒకసారి దీపం ఎక్కడుందో చూడండి. బతుకమ్మకు తొలి పూలు అందితే అందుతాయి, అసలు పూత కార్తీకానిదే. తల్లిమొక్కలు రెండు మూడు కుండలలో, కుండ అడుగున చిల్లు పెట్టి, వాన నేరుగా పడనిచోట దాచుకుంటే మడి మొత్తం కుళ్ళినా విత్తనం పోదు.

గునుగు సంగతి చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గు. డిప్లొమా చేతపట్టుకుని ఉద్యోగానికి వచ్చిన కొత్తలో పసుపు, మక్క కలిసి ఉన్న ఒక చేను దగ్గర నిలబడి, గునుగు కలుపు, గింజ కట్టకముందే మొత్తం తీసేయాలని గట్టిగా ఉపన్యాసం ఇచ్చాను. ఒక అవ్వ అంతా విని, “సారూ, గునుగంత పీకిపారేస్తె బతుకమ్మను దేనితోని పేర్చాలె?” అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఈనాడు పీకవలసిన అవసరం కూడా లేకుండా పోతున్నది. మక్కలో మొలకకు ముందే కొట్టే అట్రజిన్ వంటి మందు వెడల్పాకు మొక్కలను లేవనీయదు. చేనులో గునుగు కలుపే, అందులో నా మాట మార్చుకోను. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. కాని మందు తగలని గట్టు మూల ఒక పది గజాలు దానికి వదిలితే పసుపుకు వచ్చే నష్టమేమీ లేదు. అదీ వీలుకాకపోతే పెరట్లోనే చల్లుకోండి. లేత ఆకు కూరకు వస్తుంది, తెల్లటి కంకి రంగులద్దినా వాడదు. నల్లగా మెరిసే ఆ గింజ చాలా చిన్నది, లోతుగా కప్పితే మొలవదు. ఇసుకలో కలిపి పైపైన చల్లితే చాలు.

బంతిలో ఇంకొక గుణం ఉంది. వేళ్ళలో బుడిపెలు కట్టించే నులిపురుగులను అణచే పదార్థం బంతి వేళ్ళనుంచి వస్తుంది. ఆ పురుగు పసుపునూ పీడిస్తుంది. గట్టుమీద ఒక్క వరుస బంతి పెడితే చేనంతా బాగుపడుతుందని ఆశపడకండి. బంతి దట్టంగా ఉన్న నేలలోనే ఆ గుణం కనిపిస్తుంది. పురుగుపట్టిన మూల ఒక పంటకాలం నిండుగా బంతి వేసి చూడండి. పూలూ వస్తాయి, నేలకూ మేలే.

చివరకు గింజ. పండుగ సంబరంలో మంచి పువ్వులన్నీ కోసి బతుకమ్మలో పేర్చేసి, తర్వాత మిగిలిన మరుగుజ్జు పూలనుంచి గింజ తీస్తారు. ఏటేటా పువ్వు చిన్నదయ్యేది ఇందుకే. సద్దుల ముందే, ముద్దగా పూసిన నాలుగు మొక్కలకు ఎర్రదారం కట్టి, వాటిని ముట్టవద్దని పిల్లలకు చెప్పండి. సంకరజాతి నారు కొని వేసిన ఏడు ఈ శ్రమ పడకండి, దాని గింజ తల్లిని పోలదు. పువ్వు చెట్టుమీదే ఎండి గోధుమరంగుకు వచ్చాక వాన లేని రోజున కోసి, నీడలో వారం ఆరబెట్టి, గుడ్డమూటలో కొంచెం బూడిద కలిపి కట్టండి. రంగూ, కోసిన నెలా ఒక చీటీమీద రాసి మూటలోనే వేసి, తేమ తగలకుండా, ఎలుకకు అందకుండా దూలానికి వేలాడదీయండి.