ఉద్యోగం చేసే అమ్మాయి – ఒత్తిడి, ఆరోగ్యం

అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల పార్కులో వేలాది మంది యువతులు పనిచేస్తున్నారు. దువ్వాడ సెజ్‌కు, గాజువాక దుకాణాలకు వెళ్ళేవారూ ఎందరో ఉన్నారు. వీరిలో చాలామంది తెల్లవారకముందే లేచి, ఇంటిపని ముగించుకుని బస్సు అందుకుంటారు. తిరిగి వచ్చాక మళ్ళీ వంట, గిన్నెలు. జీతం అప్పుకో, తమ్ముడి చదువుకో పోతుంది. దానికి తోడు పెళ్ళి మాటలు. పెళ్ళయినవారికి పిల్లల బెంగ.

ఇటువంటి అమ్మాయి "తలనొప్పిగా ఉంది, కళ్ళు తిరుగుతున్నాయి" అంటే కొందరు దిష్టి అంటారు, కొందరు బద్ధకం అంటారు. నెలసరి తప్పితే నడవడికనే అనుమానిస్తారు. ఇది చాలా తప్పు.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ఒత్తిడి చాలాకాలం ఉంటే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. మెదడు నుండి అండాశయాలకు అందే సంకేతాలు తగ్గి నెలసరి ఆలస్యం కావచ్చు. గర్భం, థైరాయిడ్ వంటి ఇతర కారణాలూ ఉండవచ్చు. కనుక పరీక్ష చేయించాలి గాని నింద వేయరాదు. మెడ, భుజాల కండరాలు బిగిసి తలనొప్పి వస్తుంది. మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు మానేస్తే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి.

కళ్ళు తిరగడానికి రక్తహీనత ఒక ముఖ్య కారణం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గరాదు.

కుటుంబం చేయవలసినవి

• ఇంటిపని అందరూ పంచుకోండి. అన్నదమ్ములకు, భర్తకు కూడా వంట, గిన్నెలు అప్పగించండి.
• రాత్రి ఏడు గంటలైనా నిద్రపోనివ్వండి. రాత్రి షిఫ్టు చేసి వస్తే పగలు లేపకండి.
• ఖాళీ కడుపుతో పంపకండి. చోడి అంబలి అయినా తాగించండి. క్యారేజీలో ఆకుకూర, పప్పు, గుడ్డు పెట్టండి.
• డాక్టరు రాసిన ఐరన్ మాత్రను టీతో వేసుకోనివ్వకండి, నిమ్మరసం మంచిది.
• జీతంలో కొంత ఆమె చేతిలోనే ఉంచండి. పెళ్ళి విషయంలో ఆమె మాట వినండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, ఊరికే ఏడుస్తున్నా డాక్టరుకు చూపించండి. "బతకాలని లేదు" అంటే కోప్పడకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలి మానస్ 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఇంట్లో అందరికీ తెలిసేలా రాసి పెట్టుకోండి.