యూదుల సంవత్సరాది

తిష్రీ మాసారంభమున, సాధారణముగా సెప్టెంబరులోనో అక్టోబరు తొలినాళ్లలోనో వచ్చు రోష్ హషానా పండుగను యూదులు 2 దినములు జరుపుకొందురు. తొలి సాయంకాలమున గృహిణి దీపములు వెలిగించిన పిమ్మట కుటుంబమంతయు బల్లచుట్టును చేరి, గుండ్రని రొట్టెతోపాటు తేనెలో ముంచిన ఆపిలు ముక్కను ఆరగించి, రానున్న యేడు మధురమగుగాక యని ప్రార్థింతురు. కొన్ని యిండ్లలో, తోకగాక తలగా నుండవలెనను కోరికతో, చేపతలయు వడ్డింతురు. అది పిల్లలకెంత వేడుకయో క్రొత్తకోడండ్రకంత సంకటము కాబోలు! మరునాడు ప్రార్థనామందిరమున పొట్టేలికొమ్మును, పెక్కుచోట్ల 100 మారులు, పూరింతురు. శనివారమైనచో సంప్రదాయనిష్ఠులు ఊదరు. ఆ మాసపు పదవనాడు పాటించు ఉపవాసమునకు ముందే, తాము నొప్పించినవారిని స్వయముగా వెదకి క్షమాపణ వేడవలయును. సాటిమనుష్యునకు చేసిన యపరాధము, అతడు శాంతించిననే గాని, ఉపవాసమాత్రమున తొలగదని వారి ధర్మశాస్త్రము.