పందెపు సైకిలుకు ఎంత పెట్టాలి?

అమ్మాయో అబ్బాయో రోడ్డు పందేల సైకిలు కావాలంటే, లక్షల్లో ధర విని గుండె గుభేలుమంటుంది కదూ! వెంటనే కాదనకండి, తొందరపడి అప్పూ చేయకండి.

ధర పెరిగేకొద్దీ ముఖ్యంగా తగ్గేది బరువు. అంతర్జాతీయ పందేల్లోనే సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని 2000 నుంచి నియమం ఉంది. మనిషీ సైకిలూ కలిసి 60 కిలోలనుకోండి. ఒక కిలో తగ్గితే ఎత్తెక్కేటప్పుడు కలిసివచ్చేది నూటికి రెండు పాళ్ళకు లోపే. చదును రోడ్డు మీద అదీ తెలియదు. అక్కడ అడ్డుపడేది గాలి.

కనుక ముందు ఒంటికి సరిపడే కొలత చూడండి. హెల్మెట్టుకు, మంచి టైర్లకు, రిపేర్లకు డబ్బు విడిగా తీసిపెట్టండి. మిగిలిందే సైకిలు ధర. ఎదిగే పిల్లలకు కొలత మారుతుంది గనుక అల్యూమినియం ఫ్రేము చాలు. కార్బన్ ఫ్రేము మోజు తరవాత తీర్చుకోవచ్చు, ఏమంటారు?